చిన్నత్త గరిటె ఆగినంతసేపు

మొన్న పొద్దున్న నేను వంటింట్లో పప్పుకి తిరగమోత పెడుతుంటే, మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, అమ్మమ్మా, నువ్వు రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి, నా వైపు చూడకు అంది. అది ఇప్పుడు గనుల్లో పని ఎలా నడపాలో, ముందుగా ఎలా ప్లాను వేసుకోవాలో నేర్పే ట్రైనింగులో చేరింది. దగ్గర్లో గని లేనివాళ్ళు ఏదైనా పని జరిగే చోటికి వెళ్ళి, ఎంతసేపు పని సాగుతోంది, ఎంతసేపు ఆగిపోతోంది కొలిచి పట్టుకురమ్మన్నారట. ఆ మాట చెవిన పడగానే నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఫోనులో అంకెలు మాత్రం పరుగెడుతూనే ఉన్నాయి. నలభై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో, ఇదే పాఠం కోసం, ఒక మనిషి నా ముందు బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆ సంగతి నేను మా అమ్మాయికి కూడా పూర్తిగా చెప్పలేదు. సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం తప్ప నాకు చదువు లేదు, అందుకని నేను చెబుతుంటే ఈ పిల్లే రాస్తోంది.

ఖరగ్‌పూర్‌లో మా వాళ్ళు, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు, మూడు తరాల నుంచి ఉన్నారు. మా మామగారు వర్క్‌షాపులో ఫిట్టరు, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఆయన క్వార్టరుకే నేను కాపురానికి వచ్చాను. ఆ రోజుల్లో ట్రాఫిక్ వీధుల్లో సైరను మోగేసరికి సైకిళ్ళన్నీ ఒక్కసారి కదిలేవి, మన వయసు వాళ్ళకి ఆ చప్పుడు చెవుల్లో ఇంకా ఉండే ఉంటుంది. మా ఆయనకి మాత్రం రైల్వే నౌకరీ దొరకలేదు, గూడ్సు షెడ్డులో కాంట్రాక్టరు కింద పని చేసి, నాకు ముప్ఫై నిండకుండానే కామెర్లతో పోయాడు. మామగారు రిటైరయ్యి క్వార్టరు ఇచ్చేసి, వెనక సందులో రేకుల ఇల్లు వేసుకున్న ఏడే ఆయన కూడా పోయాడు. మిగిలింది నేను, ఎనిమిదేళ్ళ మా అమ్మాయి, మా చిన్నత్త.

చిన్నత్త మా అత్తగారికి చెల్లెలు. అక్క చనిపోతే ఆమె పిల్లాణ్ణి, అంటే మా ఆయన్ని, చంకనేసుకుని పెంచింది. తన పసుపుకుంకాలు ఎప్పుడో చిన్నప్పుడే పోయాయి, తనకంటూ పిల్లలు లేరు. నా మీద కోపం వచ్చినా ప్రేమ వచ్చినా ఒకటే మాట, "ఓలె బేగి గుంటా" అని, అంటే తొందర పిల్లా అని. నాకు అన్నీ బేగి బేగి అయిపోవాలి, నడకా మాటా పనీ అన్నీ అంతే, పెళ్ళయిన వారానికే ఆ పేరు పెట్టింది. ఆవిడ దానికి పూర్తిగా ఎదురు, నీళ్ళు తోడినా బిందెతో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా తోడేది. మా ఆయన పోయిన మూడో నెల్లో నన్ను చెయ్యి పట్టుకుని ఊళ్ళోనే ఇందా అనే పేటకి తీసుకెళ్ళి, తను పని చేస్తున్న మెస్సులో నిలబెట్టి, ఇది నా కోడలు, దీనికి కూడా పని ఇవ్వండి, లేకపోతే నేనూ రాను అని చెప్పింది. అలా నాకు అన్నం పుట్టింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తరవాత చెప్పబోయేదానికి ఇది కావాలి.

ఆ మెస్సు ఒక పాత మేడలో ఉండేది. మేడ పైన క్లాసులు, వెనక వైపు గదులు, కింద వంట. దేశంలో ఎక్కడెక్కడి గనుల నుంచో ఆఫీసర్లని కంపెనీల వాళ్ళు రెండేసి నెలలు అక్కడికి పంపేవాళ్ళు. బొగ్గు వాళ్ళు, ఇనుపరాయి వాళ్ళు, సున్నపురాయి వాళ్ళు, ఒక్కో బ్యాచికి నలభై మంది. నాకు మొదట్లో నవ్వొచ్చేది, రాయి తవ్వడానికి కూడా పెద్దపెద్దవాళ్ళు బెంచీల మీద కూర్చుని నేర్చుకోవాలా అని. తరవాత వాళ్ళ మాటలు వినీ వినీ కొంచెం అర్థమైంది. తవ్వే యంత్రం దగ్గర మోసే లారీ ఎదురుచూడకూడదు, లారీ కోసం యంత్రం ఎదురుచూడకూడదు, ఈ పక్క మట్టి ఎప్పుడు తీస్తే ఆ పక్క బొగ్గు ఎప్పుడు దొరుకుతుందో సంవత్సరం ముందే కాయితం మీద గీసి ఉంచాలి, అదీ చదువు. అన్నం తింటూ కూడా అదే గొడవ, పప్పులో వేలు ముంచి పళ్ళెం అంచు మీద రోడ్లు గీసుకునేవాళ్ళు.

మేం ఆరుగురు ఆడవాళ్ళం. చేపలు చూసుకునే బెంగాలీ దీదీ, కూరలు తరిగే ఒడియా మౌసీ, గిన్నెల దగ్గర ఇద్దరు, ఆ తరవాత చిన్నత్త, నేను. పెద్ద డేగిశాల పక్కన చిన్నత్త ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. నేను బకెట్లతో బంతి మధ్య పరుగెత్తి అన్నం, కూర వేసేదాన్ని, పప్పూ చారూ మాత్రం చిన్నత్తవి. నలభై మందీ పళ్ళేలు పట్టుకుని ఒక్కొక్కరే ఆవిడ ముందుకి రావాలి. ఆవిడ గరిటె ముంచి, ఎత్తి, పోసే ముందు తల పైకెత్తి ఆ మనిషి ముఖం చూసేది. చూసి పోసేది. అంతే. ఆ చూపులోనే ఎవరికి నిన్నటి నుంచి కడుపు బాగోలేదో, ఎవరికి ఇంటి నుంచి ఉత్తరం రాలేదో, ఎవరు పొద్దున్న టిఫిను మానేసి క్లాసుకి పోయారో కనిపెట్టేసేది. ఒకరికి అడుగు నుంచి ముద్దపప్పు, ఒకరికి పైనుంచి తేట, ఒకరికి అసలు పప్పే లేకుండా చారు. బీహారు నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరొకాయన, మా అమ్మ తరవాత నన్ను అడక్కుండా పెట్టింది ఈవిడే అని ఏడ్చినంత పని చేశాడు.

ఆ బ్యాచిలో విజయనగరం వైపు మాంగనీసు గని నుంచి ఒకతను వచ్చాడు. మన భాష వినగానే నా దగ్గరికి వచ్చి "అప్పా, మాదీ అటుపక్కే" అన్నాడు. అక్కని పిలిచినట్టు అప్పా అన్నాడు కాబట్టి నేను తమ్ముడు అనుకున్నాను, ఇప్పటికీ అతనికి వేరే పేరు నా నోటికి రాదు. సన్నగా ఉండేవాడు, కడుపులో పుండు, కారం తగిలితే ముడుచుకుపోయేవాడు. చిన్నత్త రెండో రోజుకే కనిపెట్టి, అతనికి వేరే చిన్న గిన్నెలో మిరియం లేని చారు, మెత్తగా చిదిమిన మజ్జిగన్నం దాచి ఉంచేది. అతను వరసలో నిలబడ్డప్పుడు ఆవిడ గరిటె పక్కన పెట్టి, పీట మీంచి లేచి, వెనక అలమార్లోంచి ఆ గిన్నె తీసి ఇచ్చి మళ్ళీ కూర్చునేది. వెనకవాళ్ళు ఆగేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

నెల గడిచాక మాస్టారు వాళ్ళకి ఒక పని ఇచ్చాడు. ఖరగ్‌పూర్‌లో గని ఎక్కడుంది, అందుకని ఎక్కడైనా ఎత్తడం, మోయడం, దింపడం జరిగే చోటు చూసుకుని, దాన్నే గని అనుకుని, కొలిచి, తక్కువ మందితో ఎక్కువ పని జరిగే ప్లాను వేసుకురమ్మన్నాడు. కొందరు గూడ్సు షెడ్డుకి పోయారు, కొందరు ఇటుకల బట్టీకి, కొందరు గోల్‌బజారు కూరగాయల లారీల దగ్గరికి. ఎండలు మండిపోతున్నాయి. మా తమ్ముడు కడుపు పట్టుకుని వచ్చి, "అప్పా, నాను ఎండలో తిరగనేను, మీ వంటిల్లే నా గని" అన్నాడు. నేను పకపకా నవ్వాను. అన్నం డేగిశా గుట్టట, చిన్నత్త తవ్వే యంత్రమట, నేను లారీనట. చిన్నత్తకి చెబితే, "ఓలమ్మ, ఏటిరా బాబూ, నన్ను యంత్రాన్ని సేసీసినావా, మరి నాకు నూని ఎవుడు పోస్తాడు" అంది. వంటింట్లో అందరం నవ్వుకున్నాం.

రెండు రోజులు బకెట్ బోర్లించుకుని కూర్చుని గీతలు గీసిన కాయితం మీద ఎర్ర పెన్సిలుతో రాసుకున్నాడు. నన్ను అడిగినదానికల్లా చెప్పాను. ఎవరు ఎప్పుడు వస్తారు, ఎవరి చెయ్యి ఎంత చురుకు, మౌసీకి మోకాళ్ళ నొప్పి, దీదీ చేపలు లేని రోజు ఖాళీగానే కూర్చుంటుంది, అన్నీ. తమ్ముడి చదువుకి సాయం చేస్తున్నాననుకున్నాను. ఒకసారి అతను కాయితంలో ఒక గడి నిండా చుక్కలు పెడుతుంటే ఇదేటి అని అడిగాను.

"అది ఆగిన కాలం అప్పా. మీ అత్త గరిటి ఎత్తి ఊరికే సూస్తాది సూడు, అది."

"ఊరికే కాదురా, ముఖం సూస్తాది."

"అవును, అదే. అప్పుడు పని జరగదు కదా. దానికి వేరే గడి నేదు."

నాకు ఆ జవాబు బాగానే ఉన్నట్టు తోచింది. పళ్ళెంలో ఏమీ పడటం లేదంటే పని జరగనట్టే కదా. పప్పు అంటిన బొటనవేలితో ఆ గడి మీద వేలు పెట్టి, ఇన్ని చుక్కలే, అని ఆశ్చర్యపోయాను. ఆ పసుపు మచ్చ కాయితం మీద అలాగే ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున్న గూడ్సు షెడ్డు చూసినవాళ్ళు టిఫిను దగ్గర మా తమ్ముణ్ణి ఎగతాళి చేశారు, నీ గని ముసలి గని, ఆడవాళ్ళ గని అని. అతను ముఖం చిన్నబుచ్చుకుని వచ్చి, అప్పా, ఇవాళ ఆఖరి రోజు, మీ వంటిల్లు ఎంత తొందరగా వడ్డించగలదో ఒక్కసారి చూపిద్దామా, క్లాసులో ఫస్టు వస్తాం అన్నాడు. వస్తాం అన్నాడు, వస్తాను అనలేదు. మా ఆయన పని చేసిన షెడ్డుతో పోటీ. నాకు పౌరుషం వచ్చింది. మౌసీని ఓ పక్కన కూర్చోమన్నాను, దీదీని కదలొద్దన్నాను, గిన్నెల దగ్గర ఒకామెని చాలన్నాను. చిన్నత్త దగ్గరికి వెళ్ళి, "అత్తా, ఇయ్యాల నాను ఏస్తాను, నువ్వు లెగు" అన్నాను. ఆవిడ నవ్వుతూ, "నాకేటి రోగమా" అంది. నేను చేతిలోంచి గరిటె లాక్కున్నాను. నవ్వుతూనే లాక్కున్నాను. ఒక చేత్తో పప్పు, ఒక చేత్తో చారు, ఎవరి ముఖమూ చూడలేదు, పళ్ళేలే చూశాను. నలభై మందికీ గంట పట్టేది, సగం కంటే తక్కువలో అయిపోయింది. తమ్ముడు లేచి చప్పట్లు కొట్టాడు. ఆ రోజు అతని చిన్న గిన్నె అలమార్లోనే ఉండిపోయిందని సాయంత్రం గిన్నెలు కడిగేటప్పుడు చూశాను, అతను కారం పప్పే తిన్నాడు.

శనివారం నాడు మేడ మీద అందరి ముందూ తన ప్లాను చెప్పాడు. మమ్మల్ని ఆరుగురినీ పిలిపించి వెనక గోడకి ఆనించి నిలబెట్టాడు, గౌరవం చేస్తున్నాడనుకున్నాం. చిన్నత్త ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. గోడకి పెద్ద అట్ట, అట్ట మీద ఆరు బొమ్మలు, ఆరుగురు ఆడవాళ్ళు. ఇంగ్లీషులో ఏదో చెబుతూ కర్రతో ఒక్కో బొమ్మ మీద కొట్టాడు, మూడు బొమ్మల మీద ఎర్ర గీత గీశాడు. మొదటి గీత పీట మీద కూర్చున్న బొమ్మ మీద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. చిన్నత్త అందరికంటే ఎక్కువసేపు కొట్టింది, నా చెవిలో, "మన బాబుకి బగుమతి వస్తాది సూడు" అంది.

సోమవారం మెస్సు మేనేజరు దాదా పిలిచి, ముగ్గురు చాలు, మిగతా ముగ్గురూ రేపటి నుంచి రానక్కర్లేదు అన్నాడు. చిన్నత్త, మౌసీ, గిన్నెల దగ్గర ఒకామె. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను, అది కాయితం మీద ఆట దాదా, క్లాసు కోసం ఆడిన ఆట అని. దాదా పాపం చెడ్డవాడు కాదు. సొరుగులోంచి కాయితాలు తీసి నా ముందు పెట్టి, "తుమ్హారా హీ సాబ్ దియా, దీదీ" అన్నాడు. మీ వాడే ఇచ్చాడని. నాకు అక్షరాలు తెలియకపోతే ఏం, ఎర్ర పెన్సిలు చుక్కలు తెలుసు, వాటి మీద నా బొటనవేలి పసుపు మచ్చ తెలుసు. పైన టైపు కొట్టించిన ఉత్తరం, కింద అతని సంతకం. కాయితం మీద ఉన్న ప్లాను కంటే నిజంగా జరిపించిన ప్లానుకి ఎక్కువ మార్కులట, మాస్టారు మొదటి రోజే చెప్పాడట. గూడ్సు షెడ్డులో ఈ ఆఫీసర్ల మాట ఎవరు వింటారు, ఇటుకల బట్టీలో ఎవరు వింటారు. మెస్సు వంటింట్లో అయితే వింటారు. అది అతనికి ముందే తెలుసు. బకెట్ బోర్లించిన నాడే తెలుసు.

అప్పుడు నేను కూడా మానేసి ఉండాల్సింది. మీరు అనుకునేది అదే, నేనూ ఇన్నేళ్ళుగా అనుకునేది అదే. దీనికి పని ఇవ్వకపోతే నేనూ రాను అని నా కోసం చిన్నత్త అన్న మాట, ఆవిడ కోసం నేను అనలేకపోయాను. పిల్ల బడి, ఇంటి పొయ్యి, అన్నీ నిజమే, అయినా అనలేదు. మర్నాడు నేను పనికి బయలుదేరుతుంటే ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. తిట్టలేదు. "ఎల్లు, ఆలస్యం అవుతాది" అంది. బేగి గుంటా అనలేదు. ఆ తరవాత బతికిన పదకొండేళ్ళూ నన్ను మళ్ళీ ఆ పేరుతో పిలవలేదు.

ఇంకొకటి కూడా జరిగింది, చెప్పడం కష్టం. ఇంట్లో అన్నాలకి కూర్చుంటే ఎప్పుడూ ఆవిడే వడ్డించేది, అది ఆవిడ హక్కు. ఆ రోజు నుంచి గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చునేది, గరిటె పట్టుకునేది కాదు. నువ్వు ఎయ్యి అత్తా అంటే, "నువ్వే ఎయ్యమ్మా, నానైతే ఆలస్యం" అనేది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అలా నమ్మేసింది, ఆ నమ్మకమే నన్ను కోసేది. మా అమ్మాయి, నానమ్మా నువ్వు పెట్టు అని ఏడ్చినా పెట్టలేదు. ఆఖరి రోజుల్లో మంచం మీద నేను గంజి పడుతుంటే నా ముఖం కేసి చూసి, నోరు తెరవకుండా ఆగింది. ఎంతసేపో. నేను చెంచా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

అతను ఒకసారి తిరిగి వచ్చాడు. ఆరేడేళ్ళ తరవాత, పెద్ద ఆఫీసరయ్యి, కొత్త బ్యాచికి పాఠం చెప్పడానికి. మధ్యాహ్నం భోజనానికి వచ్చి వరసలో నిలబడ్డాడు, పళ్ళెంలో పప్పు పడింది, కదలకుండా అలాగే నిలబడి వంటింట్లోకి తొంగి చూశాడు.

"అప్పా, బాగున్నావా? ఆ ముసిలమ్మ ఏదీ? నాకు మిరియం నేని సారు పెట్టేది కదా."

"నీ కాయితంలో ఉన్నాది, సూసుకో."

అతనికి వెంటనే అందలేదు. అందాక ముఖం పాలిపోయింది. "అది కోర్సు కోసం కదప్పా... నిజంగా తీసేస్తారని నాకేటి తెలుసు" అన్నాడు.

"ఉత్తరం టైపు కొట్టించినప్పుడు తెలీదేటి?"

వెనకవాళ్ళు ఆగారు. ఈసారి ఎవరో, చలో భాయ్, లైను ఆగిపోయింది అన్నారు. అతను పక్కకి జరిగాడు. కడుపు ఇంకా బాగోలేదేమో, పళ్ళెంలో సగం వదిలేసి పైకి వెళ్ళిపోయాడు. చిన్నత్త అప్పటికి బతికే ఉంది, ఇప్పటి బ్యాటరీ ఆటోలు, ఈ టోటోలు లేని రోజులు, అయినా రిక్షా ఎక్కితే ట్రాఫిక్ ఎంత దూరం. వచ్చి చూస్తాడని రెండు రోజులు చూశాను. చిన్నత్తకి మాత్రం అతను వచ్చాడని చెప్పలేదు. చెబితే, బాబు కడుపు ఎలాగుంది అని అడుగుతుందని భయపడ్డాను.

ఇప్పుడు ఆ మేడ లేదు, అక్కడ ఫోన్ల కొట్టు, పైన కోచింగు సెంటరు. గనులు కూడా అప్పటిలా లేవట, పైనుంచి ఎగిరే యంత్రం ఫోటోలు తీస్తుందట, ప్లాను కంప్యూటరే గీస్తుందట, మా మనవరాలు ఇంట్లో మంచం మీద కూర్చునే ఎక్కడిదో గని చూపించింది, మెట్లు మెట్లుగా, చీమల్లా లారీలు. హోటలుకి వెళ్తే మనమే పళ్ళెం పట్టుకుని మనమే వడ్డించుకుంటున్నాం, పెళ్ళిళ్ళలోనూ అంతే, బంతి భోజనాల మాట మన తరంతోనే పోయేలా ఉంది. ఎవరికోసం ఎవరూ ఆగనక్కర్లేదు. నేను బేగి మనిషిని, ఇదంతా నాకు నచ్చాలి. నచ్చడం లేదు.

ఇంత చెప్పాక ఈ పిల్ల రాయడం ఆపి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, ఆకలేస్తోంది అమ్మమ్మా అంది. గిన్నెలు తెచ్చుకుని కూర్చున్నాను. గరిటె ముంచి, ఎత్తి, దాని ముఖం చూశాను. కళ్ళ కింద నలుపు, పరీక్షల బెంగ, అమ్మతో ఏదో మాట పట్టింపు. నలభై ఏళ్ళలో నేను అలా చూడటం అదే మొదటిసారి. అప్పుడు అడిగింది, అమ్మమ్మా, ఇంతసేపూ పప్పు పడలేదు కదా, మరి దీన్ని ఏ గడిలో రాయమంటావు అని. ఏం చెప్పను, అది నాకు తెలిసి ఉంటే ఆ రోజే వాడికి చెప్పి ఉండేదాన్ని.